కావిడి బద్దా – కారు ముందు చక్రమూ

పిల్లలూ! కావిడి మోసేవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఈ రోజుల్లో కావిళ్ళు అరుదైపోయాయి గాని, మీ తాతగారినడిగితే చెపుతారు. శ్రవణకుమారుడు తన తల్లిదండ్రులను కావిట్లో కూర్చోబెట్టుకుని మోసిన కథ మీకందరికీ తెలిసినదే.

కావిడికి బిగుసుకుపోయిన దుంగను వాడరు. వంగే వెదురుబద్దను వాడతారు. ఎందుకో తెలుసా? మనిషి అడుగు వేసినప్పుడల్లా అతని భుజం కొంచెం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. బద్ద వంగనిదే అయితే భుజంతోపాటు బిందెలు కూడా అంత ఎత్తూ లేచి దభీమని పడతాయి. నీళ్ళు చిందిపోతాయి, భుజం పుండవుతుంది. బద్ద వంగుతుంది గనక భుజం లేచినప్పుడు అది విల్లులా వంగి ఆ కుదుపును తానే మింగుతుంది. బిందెలు ఇంచుమించు ఒకే ఎత్తున సాగిపోతాయి.

1991లో రోజర్ క్రామ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఇలా వంగే బద్దలతో బరువులు మోసేవారిని పరీక్షించి చూశాడు. మోసేవాడి శ్రమ తగ్గలేదు గాని, భుజం మీద పడే దెబ్బ మాత్రం బాగా తగ్గిందని తేలింది. బరువు తగ్గదు, దెబ్బ తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క జ్ఞాపకం పెట్టుకోండి. మీరెక్కే కారు కింద ముందు చక్రాల దగ్గర జరిగేదంతా దీనితోనే అర్థమవుతుంది.

ఎడ్లబండి, జట్కా, కారు

ఎడ్లబండికి ఇరుసు నేరుగా బండి చట్రానికే బిగించి ఉంటుంది. చక్రం రాయెక్కితే బండి కూడా రాయెక్కుతుంది. బండిలో ఉన్నవాళ్ళు కూడా ఎక్కుతారు! ఎడ్లు మెల్లగా నడుస్తాయి గనక ఎలాగో సరిపోయేది. జట్కా వేగంగా పోవాలి. అందుచేత దాని ఇరుసుకూ పెట్టెకూ మధ్య ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాను కట్టలు పెట్టేవారు. అటువంటి కమాను కట్టలే, ఇంకా పెద్దవి, లారీల కింద ఇప్పటికీ చూడవచ్చు.

కారుకు ఇంకా వేగం ఎక్కువ. కాబట్టి నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగులుంటాయి. స్ప్రింగులు దేనికని ఎవరినడిగినా, “మన నడుము నొప్పి పుట్టకుండా” అంటారు. అది నిజమే కాని సగం నిజం. రెండో సగం చాలామందికి తెలియదు. స్ప్రింగు పైనున్న మనుషులను కాపాడటమే కాదు, కింద ఉన్న చక్రాన్ని రోడ్డుకు అదిమి పట్టి ఉంచుతుంది కూడా.

ఇది ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. 60 కిలోమీటర్లంటే 60,000 మీటర్లు. గంటకు 3,600 సెకన్లు. భాగిస్తే సెకనుకు ఇంచుమించు 16.7 మీటర్లు వస్తుంది. గతుకులో పడి లేచిన చక్రం సెకనులో పదోవంతు కాలం మాత్రమే గాలిలో ఉన్నదనుకుందాం. ఆ కాస్తలోనే కారు ఒకటిన్నర మీటరుకు పైగా ముందుకు పోతుంది. ఆ దూరమంతా ఆ చక్రానికి బ్రేకు వేసినా పట్టదు, స్టీరింగు తిప్పినా వినదు. రోడ్డును ముట్టని చక్రం ఉన్నా లేనట్టే గదా! మామూలుగా పోయేటప్పుడు కూడా ఒక్కొక్క టైరు రోడ్డును తాకే చోటు ఇంచుమించు మన అరచేయంతే ఉంటుంది. మొత్తం కారుకు ఆధారం ఆ నాలుగు అరచేతులే.

మన డెల్టాలో ఇది మరీ ముఖ్యం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టడం మొదలుపెట్టి 1852 నాటికి ముగించాడు. ఆ నీటిని పొలాలకు చేర్చడానికి కాలవలు తవ్వారు. తవ్విన మట్టి గట్లయింది, గట్లు బాటలయ్యాయి, బాటలు తారు రోడ్లయ్యాయి. అందుకే కోనసీమలోనూ, భీమవరం వైపూ ఎన్నో రోడ్లకు ఒక పక్క నిండు కాలవ, మరో పక్క పల్లపు చేను. పైగా మన బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు ఎంత చదునుగా వేసినా కొన్నాళ్ళకు అలలు తేలుతుంది, వానాకాలంలో గోతులు పడుతుంది. ఇటువంటి గట్టు మీద ముందు చక్రం పట్టు తప్పితే కారు పక్క చేల్లోకో, కాలవలోకో పోతుంది. కనక స్ప్రింగులను గురించి తెలుసుకోవడం సుఖానికే కాదు, ప్రాణరక్షణకు కూడా.

స్ప్రింగు చేసే పని

రాబర్టు హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1678లో స్ప్రింగును గురించి ఒక సూత్రం ప్రకటించాడు. ఒక కిలో బరువుకు స్ప్రింగు ఒక సెంటీమీటరు సాగితే, రెండు కిలోలకు రెండు సెంటీమీటర్లు సాగుతుంది. బరువు తీసేస్తే మళ్ళీ మొదటి పొడవుకు వస్తుంది. అయితే మితిమీరిన బరువు వేస్తే మాత్రం ఈ సూత్రం చెల్లదు. స్ప్రింగు కుంగిపోయి ఇక వెనక్కు రాదు. అందుకే కారులో కూర్చోవలసిన వారికంటె ఎక్కువ మందిని ఎక్కించి, పైన బస్తాలు కూడా వెయ్యడం మంచిది కాదు.

కార్లకు మూడు రకాల స్ప్రింగులు వాడతారు. ఒకటి మనం చెప్పుకున్న కమాను కట్ట. రెండోది ఉక్కు కమ్మీని చుట్టలుగా చుట్టినది. బాల్‌పెన్నులో ఉండే స్ప్రింగును లావుచేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మూడోది చిత్రమైనది. అది చుట్టలూ లేని, పట్టీలూ లేని వట్టి ఉక్కు కడ్డీ! దాన్ని టార్షన్ బారు అంటారు. తడి తువ్వాలును పిండుతూ ఒక కొస వదిలేస్తే ఏమవుతుంది? గిర్రున వెనక్కు తిరుగుతుంది. టార్షన్ బారు చేసేదీ అంతే. కడ్డీ ఒక కొస కారు చట్రానికి కదలకుండా బిగిస్తారు, రెండో కొస చక్రపు చేతికి తగిలిస్తారు. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది. వెంటనే ఆ మెలిక విప్పుకోవాలని చక్రాన్ని కిందికి తోస్తుంది.

ఈ టార్షన్ బారు ఉన్న కారును మీ ఇంట్లో పెద్దలందరూ ఎక్కి ఉంటారు. అదే అంబాసిడర్ కారు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు మారిస్ ఆక్స్‌ఫర్డు అనే ఇంగ్లీషు కారును అనుసరించి దీన్ని తయారుచేశారు. 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. దానికి ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను కట్టలు. పెళ్ళివారికీ, టాక్సీవారికీ, ఆఫీసర్లకూ కూడా అదే బండిగా ఉన్న కాలంలో అది మన పల్లెటూరి రోడ్ల మీద దశాబ్దాల తరబడి తిరిగింది.

ఆగని ఊపును ఆపేదెవరు?

ఇప్పుడొక ప్రయోగం చెయ్యండి. ఒక కొబ్బరి చిప్పకు మూడు దారాలు కట్టి త్రాసుతట్టలా వేలాడదీయండి. అందులో రెండు గులకరాళ్ళు వెయ్యండి. పాత సైకిలు ట్యూబు నుంచి సన్నని పట్టీ ఒకటి కత్తిరించి, దాని చివర ఈ చిప్పను కట్టి, ఒక కర్రకు తగిలించండి. చిప్పను కొంచెం కిందికి లాగి వదలండి. అది పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. తరువాత ఒక బకెట్టు నిండా నీళ్ళు పెట్టి, చిప్ప పూర్తిగా నీళ్ళలో మునిగేలా పట్టుకుని మళ్ళీ లాగి వదలండి. ఈసారి ఊపు చాలా త్వరగా ఆగిపోతుంది. నీళ్ళు అడ్డుపడి ఊపును చంపేశాయన్నమాట.

కారుకు వట్టి స్ప్రింగులే ఉంటే అది కూడా ఒక గతుకు దాటిన తరువాత చాలా దూరం ఊగుతూనే పోతుంది. ఆ ఊపులో చక్రం ఒకసారి రోడ్డును గట్టిగా నొక్కుతుంది, మరోసారి పట్టు వదులుతుంది. అందుకే స్ప్రింగుకు తోడుగా షాకబ్జరు పెట్టారు. పేరుకు దెబ్బను మింగేదని అర్థం గాని, నిజానికి దెబ్బను మింగేది స్ప్రింగు, ఊపును ఆపేది షాకబ్జరు.

దాని లోపల నూనె నిండిన గొట్టమూ, అందులో చిన్న చిన్న బెజ్జాలున్న ముషలకమూ ఉంటాయి. మీరు ఆడుకునే చిమ్మనగ్రోవి చూడండి. మెల్లగా తోస్తే తేలికగా పోతుంది, గట్టిగా తోస్తే ఎదురు తిరుగుతుంది. షాకబ్జరు కూడా అంతే. నూనె ఆ సన్నని బెజ్జాలగుండా దూరిపోవలసి రావడంచేత ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. చక్రం ఎంత వేగంగా కదిలితే షాకబ్జరు అంత గట్టిగా అడ్డుతుంది.

ముందు చక్రాల ప్రత్యేకత

వెనుక చక్రాలు ఉన్న చోటనే ఉండి దొర్లుతాయి. ముందు చక్రాలకు మాత్రం చాలా పనులున్నాయి. పైకీ కిందికీ కదలాలి, స్టీరింగుతోపాటు పక్కలకు తిరగాలి, బ్రేకు వేసినప్పుడు ముందుకు వాలిన బరువు మొయ్యాలి. నేటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజను తిప్పేది కూడా ముందు చక్రాలనే.

మొదటి రోజుల్లో ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేవారు. అప్పుడు ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రం కూడా త్రాసు దండెలా పక్కకు ఒరిగేది. ఈ చిక్కు తప్పించడానికి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఏర్పాటు చేశారు. ఇటలీలో 1922లో వచ్చిన లాన్సియా లాంబ్డా కారుకు ఇలా విడివిడిగా కదిలే ముందు చక్రాలుండేవి.

ఇప్పుడు ఎక్కువగా కనబడేది మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు కల్పించిన పద్ధతి. 1950లో ఇంగ్లండులో ఫోర్డు కంపెనీ ప్రదర్శించిన కన్సల్, జెఫిర్ కార్లకు ఇది ఉండేది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800 కారు ముందు చక్రాలకు కూడా ఇదే. ఇందులో షాకబ్జరే ఒక స్తంభంలా నిలబడి ఉంటుంది. చుట్టల స్ప్రింగు దాని చుట్టూ ఉంటుంది. స్తంభం పైకొస కారు శరీరానికి, కింది కొస చక్రానికి. కింద నుంచి లోయర్ ఆర్మ్ అనే ఉక్కు చెయ్యి ఒకటి వచ్చి చక్రాన్ని పక్కలకు పోకుండా పట్టుకుంటుంది. మీ నాన్నగారు బానెట్టు ఎత్తినప్పుడు లోపల రెండు పక్కలా చూడండి. గుండ్రంగా ఉబ్బి, నట్లు బిగించిన చోట్లు రెండు కనబడతాయి. స్తంభాల పైకొసలు అవే. చూడండి గాని, ఆ నట్లను ముట్టుకోకండి. ఎందుకో తరువాత చెపుతాను.

లోయర్ ఆర్మ్ కారుకు తగిలే చోట రబ్బరు బుష్‌లుంటాయి. అవి మన మోకాలి చిప్ప కింద ఉండే మెత్తని మృదులాస్థి వంటివి. చక్రానికి తగిలే చోట బాల్ జాయింటు ఉంటుంది. మన తుంటి దగ్గర తొడ ఎముక తల గుండ్రంగా ఉండి, గిన్నె వంటి గుంటలో అన్ని వైపులా తిరుగుతుంది గదా, అదే ఏర్పాటు. ఉక్కు బంతి, ఉక్కు గిన్నె, మధ్య గ్రీజు, పైన దుమ్ము పడకుండా రబ్బరు తొడుగు. ఆ తొడుగు ఖరీదు చాలా స్వల్పం. కాని అది చిరిగితే లోపలికి బురద పోతుంది. మన ఒండ్రు పొలానికి బంగారం గాని, బాల్ జాయింటుకు మాత్రం ఆకురాయి. గ్రీజుతో కలిసి బంతిని అరగదీస్తుంది. అరిగి అరిగి ఒకనాడు బంతి గిన్నెలోంచి ఊడివచ్చిందంటే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. గట్టు మీద అలా జరిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మనం చూడవలసినవి

కారు మాట్లాడదు గాని సంజ్ఞలు చేస్తుంది. వాటిని పసిగట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పిల్లలు చూసి చెప్పవచ్చు, పెద్దలు మేస్త్రీ చేత బాగుచేయించవచ్చు.

మొదటిది టైర్లలో గాలి. వారానికొకసారి, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది. గాలి తక్కువైతే టైరు పాడవుతుంది, మరీ ఎక్కువైతే ప్రతి గతుకూ స్ప్రింగుకూ మనకూ తెలుస్తుంది.

రెండోది టైరు అరుగుదల. అరిగిన చెప్పును చూసి మనిషి నడక చెప్పవచ్చునంటారు. టైరు కూడా అంతే. కొందరు కాలివేళ్ళు లోపలికి పెట్టి నడుస్తారు, కొందరు బయటికి పెట్టి నడుస్తారు. ముందు చక్రాలు కూడా అలా లోపలికో బయటికో తిరిగి ఉంటే టైరు ఒక అంచు త్వరగా అరిగిపోతుంది. చదునైన రోడ్డు మీద స్టీరింగు వదులుగా పట్టుకుంటే కారు ఒక పక్కకు లాగుతుంది. దీన్ని సరిచెయ్యడాన్నే అలైన్‌మెంటు అంటారు. సాధారణంగా 10,000 కిలోమీటర్లకొకసారి, లోతైన గోతిలో గట్టిగా పడినప్పుడు వెంటనే, ఇది చూపించుకోవాలి. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలుగా అరిగితే షాకబ్జర్లు బలహీనపడ్డాయేమోనని అనుమానించాలి.

మూడోది షాకబ్జరు పరీక్ష. ఆగి ఉన్న కారు ముందు మూలను పెద్దలు బలంగా కిందికి నొక్కి వదలాలి. ఒకసారి పైకి లేచి సర్దుకుంటే బాగున్నట్టు. మూడు నాలుగుసార్లు ఊగితే షాకబ్జరు పని అయిపోయినట్టు. ఈ పరీక్షలో బయటపడని లోపాలు కూడా ఉంటాయి గనక, షాకబ్జరు గొట్టం మీద నూనె కారి జిడ్డుగా ఉన్నదేమో కూడా చూడాలి. మార్చవలసి వస్తే ఒక పక్కది మాత్రం మార్చకూడదు, రెండు పక్కలా జతగా మార్చాలి. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి అరిగిన చెప్పు వేసుకుని సరిగా నడవలేం గదా!

నాలుగోది చప్పుడు. కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య 1974లో తెరిచిన రోడ్డు–రైలు వంతెన ఉంది. ఎండకు వంతెన వ్యాకోచించడానికి వీలుగా అటువంటి వంతెనల మీద అతుకుల దగ్గర సందులు వదులుతారు. వాటి మీదుగా పోయేటప్పుడు దడ్–దడ్ అని జంటచప్పుడు వస్తుంది. మొదటిది ముందు చక్రాలది, రెండోది వెనుక చక్రాలది. ఆ చప్పుడు మామూలే. కాని ప్రతి చిన్న గతుకుకూ ముందు నుంచి టక్ టక్ మని గాని, లొటలొటమని గాని వినిపిస్తే బుష్‌లో బాల్ జాయింటో అరిగి ఉండవచ్చు. వెంటనే మేస్త్రీకి చూపాలి. ఆయన చక్రాన్ని భద్రంగా పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూసి సంగతి చెపుతాడు. రబ్బరు తొడుగులు చిరిగాయేమో కూడా అప్పుడే చూడమనండి.

ఐదోది కడగడం. వానాకాలంలో నీళ్ళలోంచి, బురదలోంచి వచ్చిన బండికి పైన తుడిస్తే చాలదు, అడుగున కూడా మంచినీళ్ళతో కడగాలి. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఇంకా తరచుగా కడగాలి. ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు తిన్న స్ప్రింగు ఒకనాడు పుటుక్కున విరుగుతుంది.

ఇక నడిపే పద్ధతి. గొయ్యి కనబడితే దూరం నుంచే బ్రేకు వేసి వేగం తగ్గించాలి. చక్రం గోతిలో దిగే సమయానికి బ్రేకు వదిలెయ్యాలి. గోతిలో ఉండగా బ్రేకు తొక్కితే కారు ముక్కు కిందికి వంగి ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకుపోయి ఉంటాయి. ఇక దెబ్బను మింగడానికి వాటికి చోటెక్కడ?

చెయ్యకూడనివి రెండున్నాయి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎవరూ, ఎప్పుడూ దూరకూడదు. జాకీ జారితే కారు మీద పడుతుంది. రెండోది ఇందాక చెపుతానన్న మాట. స్తంభం పైకొస నట్లను తగిన పరికరాలు లేకుండా విప్పకూడదు. నొక్కిపెట్టిన స్ప్రింగులో కారు మూల బరువును మోసేటంత బలం దాగి ఉంటుంది. అది ఒక్కసారి విడిపోతే ఎదుట ఉన్నవారి ప్రాణం తీస్తుంది. ఈ పని నేర్చిన మేస్త్రీ కూడా స్ప్రింగును ప్రత్యేకమైన బిగింపులతో కట్టి గాని విప్పడు.

పెద్దలకు ఒక మాట. కారు పై రంగుకు గీత పడితే అదే రోజు షెడ్డుకు తీసుకుపోతాం. అడుగున చిరిగిన చిన్న రబ్బరు తొడుగు కనబడదు గనక నెలల తరబడి వదిలేస్తాం. గీత పడిన కారులో పిల్లలు క్షేమంగానే ఇంటికి వస్తారు. దసరాకూ సంక్రాంతికీ ఊరికి బయలుదేరేముందు ఒక్క గంట ముందు చక్రాల కోసం కేటాయించండి.

పిల్లలూ, చివరిగా మీకొక ప్రశ్న. ఖాళీ బస్సు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. అదే బస్సు జనంతో నిండి ఉంటే అదే రోడ్డు మీద మెత్తగా పోతుంది. ఎందుకు? కొబ్బరి చిప్పలో ఒకసారి రెండు రాళ్ళు, ఒకసారి ఆరు రాళ్ళు వేసి, అది ఎంత త్వరగా ఊగుతుందో, ఎంత మెల్లగా ఊగుతుందో చూడండి. జవాబు మీకే దొరుకుతుంది.